ఆటోమేటిక్ గేర్‌బాక్సు జబ్బు: విప్పక ముందే కనిపెట్టడం ఎలా?



మే నెల సాయంత్రం. ఢిల్లీ అశోకా రోడ్డులోని ఆంధ్ర భవన్‌లో భోజనం ముగించుకొని, ధౌలా కువాఁ మీదుగా గురుగ్రామ్‌లోని ఇంటికి బయలుదేరిన ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. వారిది ఆటోమేటిక్ కారు. సిగ్నల్ దగ్గర పచ్చ దీపం వెలిగింది. తండ్రి బ్రేకు వదిలి యాక్సిలరేటర్ నొక్కాడు. ఇంజను గట్టిగా అరిచింది గాని కారు కదలలేదు. రెండు క్షణాల తర్వాత ఒక్క కుదుపుతో ముందుకు దూకింది. వెనుక వచ్చే బస్సు సడన్ బ్రేకు వేసింది. ఉదయం బయలుదేరినప్పుడు ఈ బాధ లేదు. పైగా కొన్నాళ్ళుగా ఇంటి ముందు కారు నిలిపేచోట నేల మీద ఎర్రటి నూనె మరక ఒకటి కనిపిస్తోంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

మరునాడు షెడ్డుకు తీసుకెళ్ళారు. అక్కడి మెకానిక్కు కారు నడిపి చూడకుండానే, “గేర్‌బాక్సు పోయింది, మార్చాల్సిందే” అన్నాడు. ఆ ఖర్చు ఆ కుటుంబానికి కొన్ని నెలల జీతం. అతను చెప్పింది నిజం కావచ్చు, కాకపోవచ్చు. నిజమో కాదో తేల్చుకునే మార్గం ఉందా? ఉంది. ఆ మార్గాన్నే ‘నిదానం’ లేక రోగ నిర్ధారణ అంటారు. వైద్యుడు నాడి చూడకుండా కత్తి పట్టడు. మంచి మెకానిక్కు కూడా అంతే. ఈ పాఠంలో మనం ఆ పద్ధతిని మొదటి నుంచి నేర్చుకుందాం. చివరలో ఈ కారు దగ్గరకే తిరిగి వద్దాం.

మన చుట్టూ ఉన్న ఆటోమేటిక్‌లు

ఢిల్లీ పరిసర ప్రాంతం మన దేశంలో కార్ల పరిశ్రమకు ఒక పెద్ద కేంద్రం. 1983 డిసెంబర్ 14న గుర్గావ్ కర్మాగారం నుంచి మొదటి మారుతి 800 కారు కొనుగోలుదారు చేతికి అందింది. అందులో గేర్లు చేత్తో మార్చుకోవాలి. గ్రేటర్ నోయిడాలోని హోండా కర్మాగారంలో 1997 నుంచి 2020 వరకు కార్లు తయారయ్యాయి. సి.వి.టి. అనే ఆటోమేటిక్ పద్ధతి గల సిటీ కారు 2000 దశకంలో అక్కడి నుంచే వచ్చింది. 2014 ఫిబ్రవరిలో గ్రేటర్ నోయిడాలో జరిగిన ఆటో ఎక్స్‌పోలో మారుతి సంస్థ సెలెరియో కారును విడుదల చేసింది. మానేసర్‌లో తయారైన ఆ కారులో ఇటలీకి చెందిన మాగ్నెటి మారెల్లి సంస్థ పరిజ్ఞానంతో ఏ.ఎం.టి. అనే చవకైన ఆటోమేటిక్ పద్ధతిని అమర్చారు. అంతవరకు ఖరీదైన కార్లకే పరిమితమని అనుకున్న సౌకర్యం మధ్యతరగతి ఇంటి ముందుకు వచ్చింది.

అంటే ‘ఆటోమేటిక్’ అన్న పేరు ఒకటే అయినా లోపలి యంత్రాలు వేరు. ముఖ్యంగా నాలుగు రకాలున్నాయి.

మొదటిది టార్క్ కన్వర్టర్ రకం. ఇందులో ఇంజనుకు, గేర్లకు మధ్య నూనె ద్వారా శక్తి ప్రసారమవుతుంది. రెండవది సి.వి.టి. ఇందులో రెండు కప్పీల మధ్య ఉక్కు బెల్టు గాని గొలుసు గాని తిరుగుతూ గేరు నిష్పత్తిని మెట్లు లేకుండా మారుస్తుంది. మూడవది ఏ.ఎం.టి. ఇది మామూలు గేర్‌బాక్సే. క్లచ్చి నొక్కడం, గేరు మార్చడం మాత్రం కంప్యూటర్ ఆజ్ఞతో పనిచేసే యాక్చుయేటర్లు చేస్తాయి. నాలుగవది డి.సి.టి. ఇందులో రెండు క్లచ్చిలు ఉంటాయి. ఒకటి బేసి గేర్లను, రెండవది సరి గేర్లను చూసుకుంటాయి.

కనుక ఎవరైనా “మా ఆటోమేటిక్ కారు ఇబ్బంది పెడుతోంది” అంటే, మీరు అడగవలసిన మొదటి ప్రశ్న “ఏ రకం ఆటోమేటిక్?” అన్నది. ఒక రకానికి జబ్బు అనిపించేది మరొక రకానికి సహజ గుణం కావచ్చు.

లోపల ఏం జరుగుతోంది?

టార్క్ కన్వర్టర్ రకాన్ని కొంచెం వివరంగా చూద్దాం. దీనిని అర్థం చేసుకుంటే తక్కినవి సులభం.

రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టండి. ఒకదానికి మాత్రమే కరెంటు ఇవ్వండి. దాని గాలికి రెండవ ఫ్యాను కూడా మెల్లగా తిరుగుతుంది. గాలికి బదులు నూనెను ఊహించుకుంటే అదే ఈ పరికరంలోని మూలసూత్రం. ఇంజనుతో పాటు తిరిగే భాగాన్ని ఇంపెల్లర్ అనీ, గేర్‌బాక్సు వైపు తిరిగే భాగాన్ని టర్బైన్ అనీ అంటారు. రెండింటి మధ్య స్టేటర్ అనే మూడవ భాగం ఉంటుంది. అది తిరిగి వచ్చే నూనెను దారి మళ్ళించి, కారు బయలుదేరే సమయంలో టార్క్‌ను సుమారు రెండు రెట్ల వరకు పెంచుతుంది. ఈ పరికరాన్ని జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో ఓడల కోసం రూపొందించాడు. కారు వేగం అందుకున్నాక నూనెలో జారుడు వృథా కాకుండా ‘లాకప్ క్లచ్చి’ ఇంపెల్లర్‌ను, టర్బైన్‌ను కలిపి పట్టి ఉంచుతుంది.

దాని వెనుక ‘ప్లానెటరీ గేర్లు’ ఉంటాయి. మధ్యలో సూర్యుని వంటి చక్రం, దాని చుట్టూ గ్రహాల వంటి చిన్న చక్రాలు, వాటిని మోసే క్యారియర్, అన్నింటినీ చుట్టి లోపలివైపు పళ్ళున్న రింగు. వీటిలో దేనిని తిప్పుతాం, దేనిని పట్టి ఆపుతాం అన్నదాన్ని బట్టి గేరు మారుతుంది. పట్టి ఆపే పని క్లచ్చి పలకలది. ఆ పలకలను నొక్కే పని నూనె పీడనానిది. ఆ నూనెను ఏ దారిన పంపాలో నిర్ణయించేవి సోలినాయిడ్ కవాటాలు. వాటికి ఆజ్ఞ ఇచ్చేది కంప్యూటర్. నూనెకు పీడనం ఇచ్చేది ఇంజనుతో తిరిగే పంపు.

ఈ గొలుసును ఒకసారి మనసులో నిలుపుకోండి: సెన్సారు, కంప్యూటర్, సోలినాయిడ్, నూనె పీడనం, క్లచ్చి పలక, గేరు, చక్రం. ఎక్కడ లంకె తెగినా చివరకు కనిపించే లక్షణం ఒకటే: కారు సరిగా కదలదు. మన పని ఏ లంకె తెగిందో కనిపెట్టడం.

ఒక చిన్న లెక్క

సూర్య చక్రానికి 30 పళ్ళు, రింగుకు 60 పళ్ళు ఉన్నాయనుకోండి. రింగును పట్టి ఆపి, సూర్య చక్రాన్ని తిప్పితే క్యారియర్ తిరుగుతుంది. అప్పుడు గేరు నిష్పత్తి 1 + 60/30 = 3. అంటే లోపలికి మూడు చుట్లు ఇస్తే బయటకు ఒక చుట్టు వస్తుంది. క్యారియర్‌ను పట్టి ఆపితే రింగు వ్యతిరేక దిశలో తిరుగుతుంది; నిష్పత్తి 60/30 = 2. అదే రివర్సు. ఏ రెండింటినైనా కలిపి పట్టేస్తే మొత్తం ఒకే ముద్దగా తిరుగుతుంది, నిష్పత్తి 1.

ఇప్పుడు దీనిని జబ్బు కనిపెట్టడానికి వాడదాం. గేర్‌బాక్సుకు లోపలికి వచ్చే వేగాన్ని ఒక సెన్సారు, బయటకు వెళ్ళే వేగాన్ని ఇంకొకటి కొలుస్తాయి. మూడవ గేరు నిష్పత్తి 1 అనుకుందాం. లోపలి వేగం నిమిషానికి 2,400 చుట్లు. అప్పుడు బయటి వేగం కూడా 2,400 ఉండాలి. కాని 2,000 మాత్రమే ఉంది. తక్కిన 400 చుట్లు ఏమయ్యాయి? క్లచ్చి పలకలు జారి వృథా అయ్యాయి. కంప్యూటర్ కూడా సరిగ్గా ఇదే లెక్క వేసి, “గేరు నిష్పత్తి తప్పు” అని ఒక సంకేతాన్ని నమోదు చేస్తుంది.

ఆ జారుడు ఎంత ప్రమాదకరం? శక్తి అంటే టార్క్‌ను కోణీయ వేగంతో గుణించగా వచ్చేది అని మీరు భౌతికశాస్త్రంలో చదివారు. నిమిషానికి 400 చుట్లు అంటే సెకనుకు సుమారు 42 రేడియన్లు. క్లచ్చి మోస్తున్న టార్క్ 100 న్యూటన్ మీటర్లు అయితే, 100 × 42 = 4,200 వాట్లు. మీ ఇంట్లో నీళ్ళు కాచే గీజరు 2,000 వాట్లది అనుకుంటే, రెండు గీజర్లకు మించిన వేడి అరచేతిలో పట్టే కొద్ది పలకల మీద పుడుతోందన్నమాట. అందుకే జారుతున్న గేర్‌బాక్సును “ఇంకొన్నాళ్ళు నెట్టుకొద్దాం” అనుకోకూడదు. ఈ రోజు చిన్న ఖర్చుతో పోయేది, కొద్ది వారాల్లో పలకలు మాడి పెద్ద ఖర్చుగా మారుతుంది.

ఢిల్లీ పెట్టే రెండు పరీక్షలు: వేడి, నీరు

యంత్రం ఏ ఊళ్ళో పనిచేస్తోందో కూడా నిదానంలో భాగమే. 2024 మే 29న ఢిల్లీ సఫ్దర్‌జంగ్ కేంద్రంలో ఉష్ణోగ్రత 46.8 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. ఆ ఎండలో ఆశ్రమ్ కూడలిలోనో, ఐ.టి.ఓ. దగ్గరో ఆగుతూ కదులుతూ పోయే కారులో టార్క్ కన్వర్టర్ నూనె ఎక్కువ సేపు జారుతూనే ఉంటుంది. లాకప్ క్లచ్చి పట్టుకునేంత వేగం రాదు. రేడియేటర్ మీదికి వీచే గాలి తక్కువ. మామూలుగా ఈ నూనె 80 నుంచి 95 డిగ్రీల ప్రాంతంలో పనిచేస్తుంది. అంతకు మించి ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు నూనె పాడయ్యే వేగం సుమారు రెట్టింపు అవుతుందని రసాయన శాస్త్రంలోని స్థూల సూత్రం చెబుతుంది. కారు కాగితాలలో ‘కఠిన పరిస్థితుల వాడకం’ అని వేరే పట్టిక ఉంటుంది. ఢిల్లీలో రోజూ ఇలా తిరిగే కారు ఆ పట్టికకే చెందుతుంది. నూనె మార్చే గడువు ఆ పట్టికలో చూడాలి.

రెండవ పరీక్ష నీరు. 2024 జూన్ 28 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో సఫ్దర్‌జంగ్‌లో 228.1 మిల్లీమీటర్ల వాన కురిసింది. మింటో బ్రిడ్జి కింది దారి ఎప్పటిలాగే మునిగింది. అటువంటి నీటిలో దిగిన కారు గేర్‌బాక్సులోకి, గాలి పోయే చిన్న రంధ్రం గుండా నీరు చేరగలదు. నీరు కలిసిన నూనె పాలు కలిపిన గులాబీ షర్బతులా కనిపిస్తుంది. నీరు క్లచ్చి పలకల మీది ఘర్షణ పొరను, దానిని అంటించిన జిగురును పాడుచేస్తుంది. ఆ రంగు కనిపిస్తే ఇంజను నడపకూడదు. వాననీరే కారణం కానక్కరలేదు. రేడియేటర్ లోపల గేర్‌బాక్సు నూనెను చల్లబరిచే గొట్టం చిల్లుపడితే ఇంజను శీతలీకరణ నీరు కూడా ఇలాగే కలుస్తుంది.

నిదానంలో ఏడు మెట్లు

ఇప్పుడు అసలు పద్ధతికి వద్దాం. ఖర్చు తక్కువైన పరీక్ష ముందు, విప్పే పని చివర. ఇదే బంగారు సూత్రం.

మొదటి మెట్టు: అడగండి. జబ్బు చల్లగా ఉన్నప్పుడు వస్తుందా, వేడెక్కాకా? అన్ని గేర్లలోనా, ఒకదానిలోనా? రివర్సులో కూడా ఉందా? మలుపు తిరిగేటప్పుడు పెరుగుతుందా? ఈమధ్య బ్యాటరీ మార్చారా, నీటిలో దిగిందా, నూనె మార్చారా? యజమాని చెప్పే సంగతులను కాగితం మీద రాసుకోండి. సగం నిదానం ఇక్కడే పూర్తవుతుంది.

రెండవ మెట్టు: చూడండి, వాసన పట్టండి. కారు కింద మరకలున్నాయా? డిప్‌స్టిక్కు ఉంటే నూనె మట్టం చూడండి. అయితే మట్టం చూసే పద్ధతి కారును బట్టి మారుతుంది. చాలా కార్లలో నూనె వేడెక్కాక, ఇంజను నడుస్తుండగా చూడాలి. కొన్నింటిలో ఇంజను ఆపిన వెంటనే చూడాలి. కొన్నింటికి డిప్‌స్టిక్కే ఉండదు. నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గర కింది బిరడా విప్పి చూడాలి. కనుక కారుతో ఇచ్చిన పుస్తకమే ప్రమాణం. కొత్త నూనె చాలావరకు ఎర్రగా ఉంటుంది. కొన్ని రకాలు పచ్చగానో పసుపుగానో ఉంటాయి. గోధుమరంగుకు తిరిగి, మాడిన వాసన వస్తే పలకలు కాలుతున్నాయని అర్థం. తెల్లని గుడ్డ మీద రెండు చుక్కలు వేసి చూస్తే లోహపు రజను మెరుస్తూ కనిపిస్తుంది.

మూడవ మెట్టు: గేర్‌బాక్సు వెలుపల చూడండి. బలహీనమైన బ్యాటరీ, తుప్పు పట్టిన ఎర్త్ తీగ, వదులైన ప్లగ్గు, ఇవి కంప్యూటర్‌ను తప్పుదారి పట్టిస్తాయి. ఇంజను ఆపి ఉంచిన మంచి బ్యాటరీ 12.4 నుంచి 12.7 వోల్టులు చూపాలి. ఇంజనును మోసే రబ్బరు మౌంటింగులు విరిగితే, ‘ఎన్’ నుంచి ‘డి’ కి మార్చినప్పుడు ‘ధన్’ మని కుదుపు వస్తుంది. గేర్‌బాక్సుకు ఏ జబ్బూ లేకపోయినా నింద దాని మీద పడుతుంది.

నాలుగవ మెట్టు: కంప్యూటర్‌ను అడగండి. మన దేశంలో 2010 తర్వాత దశలవారీగా కార్లలో ఓ.బి.డి. అనే స్వీయ పరిశీలన వ్యవస్థ తప్పనిసరి అయింది. స్టీరింగు కింద ఉండే 16 పిన్నుల సాకెట్టుకు స్కానర్ తగిలిస్తే సంకేతాలు కనిపిస్తాయి. పి 0700 అంటే గేర్‌బాక్సు కంప్యూటర్ ఏదో లోపం గమనించిందని మాత్రమే; అది తలుపు తట్టడం వంటిది. పి 0715 లోపలి వేగం సెన్సారు సర్క్యూటును, పి 0720 బయటి వేగం సెన్సారు సర్క్యూటును, పి 0730 గేరు నిష్పత్తి తప్పును, పి 0740 లాకప్ క్లచ్చి సర్క్యూటును, పి 0218 నూనె అతిగా వేడెక్కడాన్ని సూచిస్తాయి. ఇక్కడ ఒక హెచ్చరిక. సంకేతం ‘ఎక్కడ వెతకాలో’ చెబుతుంది గాని ‘ఏది మార్చాలో’ చెప్పదు. సెన్సారు సర్క్యూటు అంటే సెన్సారు, తీగ, ప్లగ్గు, కంప్యూటర్ అన్నీ కలిసినది. ఎలుక కొరికిన తీగకు సెన్సారు మార్చితే జబ్బు పోదు. సంకేతాలను రాసుకోకుండా చెరపకండి.

ఐదవ మెట్టు: నడిపి చూడండి. అనుభవజ్ఞుడైన డ్రైవరుతో, రద్దీ లేని దారిలో మాత్రమే. ఆగి ఉన్న కారును బ్రేకు నొక్కిపట్టి ‘ఎన్’ నుంచి ‘డి’ కి, తర్వాత ‘ఆర్’ కి మార్చండి. సాధారణంగా సెకను నుంచి సెకనున్నర లోపు పట్టు తగలాలి. ఆలస్యమైతే పీడనం తక్కువని అనుమానించాలి. కారు నిలిచి ఉండగా, ‘పి’ లో, ‘ఎన్’ లో కూడా ఇంజను వేగంతో పాటు పెరిగే ఊళ శబ్దం వస్తే పంపు వైపో, మూసుకుపోయిన ఫిల్టరు వైపో చూడాలి. కదిలినప్పుడే వచ్చే శబ్దమైతే బేరింగుల వైపు, చివరి గేర్ల వైపు చూడాలి. నిలకడ వేగంలో గరుకు రోడ్డు మీద పోయినట్లు వణుకు వస్తే, యాక్సిలరేటర్ అలాగే ఉంచి బ్రేకును తేలికగా తాకించండి. లాకప్ క్లచ్చి విడిపోతుంది. వణుకు వెంటనే ఆగితే అనుమానం లాకప్ మీద. ఆగకపోతే ఇంజను మిస్‌ఫైరు వైపు చూడాలి. ఎంత వేగం పెంచినా కారు ఒకే గేరులో ఉండిపోతే కంప్యూటర్ రక్షణ స్థితిలోకి వెళ్ళిందన్నమాట. అది జబ్బు కాదు, జబ్బు ముదరకుండా యంత్రం తీసుకున్న జాగ్రత్త.

ఆరవ మెట్టు: తర్కించండి, కొలవండి. ఒక రకం పాత నాలుగు గేర్ల బాక్సులో ‘డైరెక్ట్ క్లచ్చి’ అనేది మూడవ గేరులోను, రివర్సులోను పట్టుకుంటుంది. కారు మొదటి రెండు గేర్లలో బాగుండి, మూడవ గేరులో, రివర్సులో జారితే? రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది ఏది? ఆ క్లచ్చే. దానికి నూనె చేర్చే దారి కూడా అనుమానితుల జాబితాలో ఉంటుంది. అన్ని గేర్లలో జారితే? అన్నింటికీ ఉమ్మడిగా ఉన్న నూనె మట్టం, ఫిల్టరు, పంపు వైపు చూడాలి. దీనికి ప్రతి గేర్‌బాక్సుకు ‘ఏ గేరులో ఏ క్లచ్చి’ అనే పట్టిక సర్వీసు పుస్తకంలో ఉంటుంది. ఆ తర్వాత పీడన మాపకాన్ని తగిలించి కొలిస్తే అనుమానం నిజమో కాదో తేలుతుంది.

ఏడవ మెట్టు: ఇప్పుడు విప్పండి. పై ఆరు మెట్లు ఎక్కాక కూడా కారణం లోపలే ఉందని తేలితేనే విప్పాలి. అప్పుడు కూడా ఏ భాగం కోసం విప్పుతున్నామో ముందే తెలిసి ఉంటుంది.

తక్కిన మూడు రకాల సంగతి

ఏ.ఎం.టి. కారులో గేరు మారేటప్పుడు కొద్దిగా తల ఊగినట్లు ఉండడం సహజం. క్లచ్చి విడిపోయి మళ్ళీ కలిసే క్షణమది. దానిని జబ్బు అనుకోకూడదు. కాని ఫ్లైఓవరు ఎక్కే రద్దీలో బ్రేకు వాడకుండా యాక్సిలరేటర్‌తోనే కారును నిలబెట్టే అలవాటు ఉంటే క్లచ్చి పలక త్వరగా మాడుతుంది. మాడిన వాసన, బయలుదేరేటప్పుడు వణుకు దాని గుర్తులు. క్లచ్చి మార్చాక లేక బ్యాటరీ చాలాకాలం తీసి ఉంచాక గేర్లు తడబడితే, క్లచ్చి పట్టుకునే స్థానాన్ని స్కానర్ ద్వారా కంప్యూటర్‌కు మళ్ళీ నేర్పించాలి. చాలామంది ఇది తెలియక బాగున్న యాక్చుయేటర్‌ను మార్చేస్తారు.

సి.వి.టి. లో వేగం పెంచినప్పుడు ఇంజను శబ్దం ముందు పెరిగి, కారు తర్వాత అందుకోవడం సహజ గుణమే. కాని ఊళ శబ్దం, కుదుపులు, బెల్టు జారుడు సహజం కావు. దీనికి ప్రత్యేకమైన నూనె కావాలి. కశ్మీరీ గేట్ విడిభాగాల బజారులో ఎన్నో రకాల నూనెలు దొరుకుతాయి. రంగు చూసి కొనకండి. కారు పుస్తకంలో రాసిన ప్రమాణం పేరు చూసి కొనండి. తప్పు నూనె పోసిన సి.వి.టి. బెల్టు, కప్పీలు అరిగిపోతాయి.

డి.సి.టి. లో 1, 3, 5 గేర్లలోనే ఇబ్బంది ఉంటే బేసి గేర్ల క్లచ్చి వైపు, 2, 4, 6 లో ఉంటే సరి గేర్ల వైపు చూడాలి. ఉమ్మడి భాగాన్ని వెతికే తర్కం ఇక్కడ కూడా పనిచేస్తుందని గమనించారా?

ప్రాణ రక్షణ సూత్రాలు

మొదటిది, ‘పి’ మీద గుడ్డి నమ్మకం వద్దు. గేరు తీగ లేక లీవరు లంకె సరిగా లేకపోతే మీట ‘పి’ చూపినా లోపల కొక్కెం పడకపోవచ్చు. ప్రతిసారీ హ్యాండ్ బ్రేకు వేయండి. చాలా ఏ.ఎం.టి. కార్లకు ‘పి’ స్థానమే ఉండదు. అక్కడ హ్యాండ్ బ్రేకు మరచిపోతే కారు దొర్లిపోతుంది.

రెండవది, కారు కిందకు వెళ్ళే ముందు జాకీ ఒక్కదానినే నమ్మకండి. గట్టి స్టాండ్లు పెట్టి, చక్రాలకు అడ్డు వేయాలి. వేడి నూనె చర్మాన్ని కాల్చేస్తుంది.

మూడవది, బ్రేకు నొక్కి యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కే ‘స్టాల్ పరీక్ష’ గురించి మీరు పుస్తకాల్లో చదువుతారు. అప్పుడు ఇంజను శక్తి అంతా నూనెలో వేడిగా మారుతుంది. సర్వీసు పుస్తకం అనుమతించిన కార్లలో మాత్రమే, బోధకుని పర్యవేక్షణలో, కారు ముందు వెనుక ఎవరూ లేకుండా, ఐదు సెకన్లకు మించకుండా చేయాలి. ఇంటి దగ్గర ప్రయత్నించవద్దు.

నాలుగవది, టార్క్ కన్వర్టర్ కారు దారిలో ఆగిపోతే తాడు కట్టి లాక్కెళ్ళవద్దు. ఇంజను తిరగనిదే పంపు తిరగదు. పంపు తిరగనిదే గేర్లకు నూనె అందదు. నడిపే చక్రాలు నేలను తాకకుండా లారీ మీద ఎక్కించి తీసుకెళ్ళాలి.

మళ్ళీ మన కారు దగ్గరకు

ఇప్పుడు ధౌలా కువాఁ దగ్గర ఆగిన కారును మీరే పరీక్షించండి. అది టార్క్ కన్వర్టర్ రకం. వేడెక్కాకే జారుతోంది. ‘డి’ లోను, ‘ఆర్’ లోను పట్టు ఆలస్యమవుతోంది. మలుపులో ఎక్కువ. స్కానర్‌లో పి 0730 ఉంది. ఒక్క గేరు కాదు, అన్నీ. ఉమ్మడిగా ఉన్నది నూనె. ఇంటి ముందు ఎర్రటి మరక గుర్తుందా? కింద చూస్తే, నూనెను రేడియేటర్‌కు తీసుకెళ్ళే రబ్బరు హోసు పైపు ఎండకు పగిలి కారుతోంది. మట్టం తగ్గింది. మలుపులో నూనె ఒక పక్కకు ఒరిగినప్పుడు పంపు గాలిని పీల్చుకుంటోంది. వేడెక్కి పలుచబడ్డ నూనెకు పీడనం ఇంకా తగ్గుతోంది. లక్షణాలన్నీ ఒకే కారణానికి చేరాయి.

కొత్త హోసు, క్లిప్పు, సరైన నూనె. గేర్‌బాక్సు ధరతో పోలిస్తే ఇది ఎంత? కాని తీర్పు ఇంకా పూర్తి కాలేదు. తీసిన నూనె ఎర్రగా, వాసన లేకుండా ఉంటే పలకలు బతికి ఉన్నాయి. నల్లగా, మాడిన వాసనతో, రజనుతో ఉంటే ఆలస్యం జరిగిపోయింది. షెడ్డులో మెకానిక్కు అన్న మాటే అప్పుడు నిజమవుతుంది. ఈ రెండు తీర్పుల మధ్య తేడా కొద్ది వారాల నిర్లక్ష్యం. నేల మీది మరకను మొదటి రోజే గమనించిన వారు ఆ ఇంటి జీతాన్ని కాపాడినట్లే. నేర్చినవారికి ఆ మరక ఒక ఉత్తరం. నేర్వనివారికి వట్టి మురికి.

విద్యార్థులారా, ఐ.టి.ఐ.లో మోటారు వాహన మెకానిక్కు కోర్సు రెండేళ్ళు. మీలో కొందరు ఆ దారిన వెళతారు. కొందరు కారు కొనుక్కునేవారవుతారు. ఎటు వెళ్ళినా ఈ పద్ధతి మీ వెంట వస్తుంది: ముందు అడగడం, తర్వాత చూడడం, తర్వాత కొలవడం, చివరకు చెయ్యి పెట్టడం.

మీరే చేసి చూడండి

1. మీ ఇంట్లో గాని పొరుగున గాని ఆటోమేటిక్ కారు ఉంటే, పెద్దల అనుమతితో దాని పుస్తకం తీసి, అది నాలుగు రకాల్లో ఏదో, నూనె మట్టం ఎలా చూడాలో, ‘కఠిన పరిస్థితుల’ పట్టికలో ఏముందో రాయండి.

2. సూర్య చక్రానికి 24 పళ్ళు, రింగుకు 72 పళ్ళు. రింగును ఆపి సూర్య చక్రాన్ని తిప్పితే, క్యారియర్ ద్వారా వచ్చే గేరు నిష్పత్తి ఎంత?

3. రెండవ గేరు నిష్పత్తి 1.5. లోపలి వేగం 3,000, బయటి వేగం 2,000. క్లచ్చి జారుతోందా?

4. ఒక కారు ‘డి’ లో బాగుంది, ‘ఆర్’ లో మాత్రం కదలదు. నూనె మట్టం మీద మీ అనుమానం పెరుగుతుందా, తగ్గుతుందా? ఎందుకు?

జవాబులు: రెండవ ప్రశ్నకు 4. మూడవదానికి, 3,000ను 2,000తో భాగిస్తే 1.5, కనుక జారడం లేదు. నాలుగవదానికి, తగ్గుతుంది, నూనె అన్ని గేర్లకు ఉమ్మడి కనుక, రివర్సుకు మాత్రమే చెందిన క్లచ్చిని, దాని నూనె దారిని, లీవరు లంకెను ముందు చూడాలి.